అందరూ వచ్చేశారా?

పోనిజాన్ తడి అరటిబోదె ముక్కను తీగ మీదికి విసిరి రెండడుగులు వెనక్కి వేశాడు. తీగలో కరెంటు ఉంటే బోదె చిటపటమంటుంది, సన్నగా పొగ లేస్తుంది. ఏమీ కాలేదు. తీగ కాస్త ఊగి ఆగింది. అయినా అతను కదల్లేదు. వెనక్కి తిరిగి, మీట ఉన్న పాక మీది ఎర్ర బల్బు వైపు చూశాడు. ఆరిపోయే ఉంది. ఆర్పింది తనే. మీట దించి, ఫ్యూజు పీకి, చొక్కా జేబులో వేసుకుని వచ్చింది కూడా తనే. జేబు తడిమి చూసుకున్నాడు. ఫ్యూజు ఉంది. అప్పుడు వంగి, "బిస్మిల్లా" అనుకుని, వేళ్ళను వెనక్కి తిప్పి గోళ్ళ వైపుతో తీగను అంటీ అంటనట్టు ముట్టుకున్నాడు. అరచేత్తో ముట్టుకుంటే తీగ చేతిని పట్టేసుకుంటుందనీ, గోళ్ళ వైపుతో ముట్టుకుంటే విదిలించి కొడుతుందనీ అతనికి ఎప్పుడో ఎవరో చెప్పారు. ఆ చెప్పిన మనిషి ఇప్పుడు బతికున్నాడో లేడో తెలియదు.

తీగ మంచులో తడిసి చల్లగా ఉంది. పోనిజాన్ ఊపిరి వదిలి, పెయింటు డబ్బా అందుకుని గట్టెక్కాడు.

సన్నటి మనిషి. భుజాలు కిందికి జారి ఉంటాయి, చెవులు మాత్రం రెండూ పక్కకి నిలబడి ఉంటాయి, ఎప్పుడూ దేన్నో వింటున్నట్టు. నడిచేటప్పుడు ఒక్కో కాలూ మోకాలి ఎత్తుకు లేపి, చూసి, దించుతాడు. తీగ చీలమండ ఎత్తున ఉంటుంది కాబట్టి పొలంలో అలా నడవడం మంచిదే. కానీ అతను ఊళ్ళో తారురోడ్డు మీద కూడా అలాగే నడుస్తాడు. మసీదు మెట్ల దగ్గరా అంతే. అందుకని ఊరంతా అతనికి కొంగ అని పేరు పెట్టింది. పిల్లలు వెనకాలపడి "కొంగ మామా, చేపలు దొరికాయా?" అని అడిగితే, "ఇంకా లేదర్రా" అని నవ్వేవాడు. నవ్వులో కింది పన్ను ఒకటి లేదు.

గట్టు వెంబడి వెదురుపుల్లలు, వాటికి చుట్టిన సన్నటి ఇనపతీగ, తీగ కింద బురదలో చచ్చిపడి ఉన్నవి. మా వైపు పొలంలో ఎలుకను ఎలుక అనం. పేరెత్తితే దానికి కోపం వస్తుంది, ఇంటిదాకా వచ్చి పెట్టెలో పెళ్ళిబట్టలు కొరికి పోతుంది. చిన్నదొర అంటాం. పోనిజాన్ ఒక్కో చిన్నదొరనూ తోక పట్టుకుని డబ్బాలో వేస్తూ, "కోప్పడకు దొరా. తీగ నాది కాదు, కరెంటు నాది కాదు. కూలివాణ్ణి" అని గొణిగాడు. ఒకదాని పొట్ట బిర్రుగా ఉంది. దాన్ని డబ్బాలో వెయ్యబోయి ఒక క్షణం ఆగాడు. వరి పొట్టకొచ్చే వేళకే అవీ చూలు కడతాయి. కంకి పాలు పోసుకునేసరికి కలుగులో పిల్లలు తయారు. ఒకదాన్ని చంపితే ఆ చోట్లోకి పది వస్తాయి. ఈ సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు, తీగ కట్టనివాళ్ళూ లేరు.

ఈ మూడో పంట మరీ అన్యాయం. నీళ్ళు చాలవని ఊరంతా మళ్ళు ఎండగట్టేసింది. పంపు ఉంది కాబట్టి హాజీ ముస్తారి ఒక్కడే నాట్లు వేయించాడు. చుట్టూ ఎండు నేల, మధ్యలో పచ్చగా విస్తరి వేసినట్టు హాజీ పొలం. చుట్టుపక్కల ఎన్ని కలుగులున్నాయో అన్నిటిలోవీ భోజనానికి ఇక్కడికే వస్తాయి. వచ్చి మడి మధ్యలో కూర్చుని తింటాయి, అంచులు ముట్టవు. గట్టు మీద నిలబడి చూసేవాడికి చేను నిండుగా కనిపిస్తుంది, లోపలికి దిగితే గుండె జారిపోతుంది. ఒకప్పుడు పాములుండేవి. తోళ్ళకని అన్నీ పట్టి అమ్మేశారు. గుడ్లగూబలు వస్తాయని ఎవరో పొలం మధ్య స్తంభం మీద చెక్కగూడు కట్టించారు. అందులో పావురాలు కాపురం పెట్టాయి.

తీగలు వద్దని పోలీసులు చెప్పారు, ఊరిపెద్ద చెప్పాడు. అందరూ బుద్ధిగా తలాడించి, ఇంటికెళ్ళి తీగ చుట్టలు తీశారు. కిందటేడు దాకా హాజీ పొలంలో మీట వేసేవాడు కస్నో. మంచి ధైర్యస్థుడు. చీకటి పడుతూనే పొలం వైపు తిరిగి "ఎవరన్నా ఉన్నారా?" అని ఒక్క కేక వేసేవాడు, మీట ఎత్తేసేవాడు. ఒకనాడు అలాగే కేక వేసి మీట ఎత్తాడు. కాలవ గట్టు కింద గినా అనే ఆమె తోటకూర కోసుకుంటోంది. కేక విన్నది. పలకలేదు. పొద్దు వాలిన వేళ పొలంలో ఎవరైనా పిలిస్తే ఒకసారికీ పలకం, రెండోసారికీ పలకం. మనిషైతే మూడోసారి పిలుస్తాడు, కానిదైతే రెండుసార్లతో పోతుంది. గినా మూడో కేక కోసం ఆగింది. కస్నో ఒక్కటే వేశాడు.

ఆ తరవాత హాజీ పోనిజాన్‌కి కబురు పెట్టాడు. "నాకు పిరికివాడు కావాలి" అన్నాడు. "ధైర్యం ఉన్నవాడు ఒక ప్రాణం తీశాడు. ఊళ్ళో నీకంటే పిరికివాడు ఎవడు? తాడుని చూసి పామనుకునే రకం నువ్వు. దక్షిణపు మడి నీకు పాలికి ఇస్తాను. నువ్వు కాదంటే మా మేనల్లుడు ఉండనే ఉన్నాడు."

హాజీ మేనల్లుడు ఫోను చూసుకుంటూ బండి నడిపే మనిషి. ఫోను చూసుకుంటూనే మీటా వేస్తాడు. పోనిజాన్ కళ్ళముందు పొలంలో ఆడవాళ్ళు వరసగా కనిపించారు. కూర కోసేవాళ్ళు, నత్తలేరేవాళ్ళు, పరిగెలేరేవాళ్ళు. సరేనన్నాడు. భయపడి వద్దనాల్సిన పనిని భయం వల్లే ఒప్పుకున్నాడు. అప్పట్నించి అతనికి సరిగ్గా నిద్ర లేదు. తీగ తనను చంపుతుందనే భయం ఉండేది గాని, అది చిన్న భయం. తన చేత్తో ఇంకొకరు చస్తారేమోనన్నది పెద్ద భయం. 

డబ్బాలోవి గుంటలో పూడ్చి, చేతులు కడుక్కుని లేచేసరికి కాలవ గట్టు మీద సావి అవ్వ కనిపించింది. చనిపోయిన గినాకు అక్క. నడుం వంగిపోయి, నడుస్తున్నా నత్తలు ఏరుతున్నట్టే ఉంటుంది. తలమీద వెదురు టోపీ చిరిగి, ఒక పక్క ఆకు వేలాడుతోంది. చెల్లెలు ఆ పొలంలోనే పోయినా అవ్వ ఆ పొలం మానలేదు. నత్తలు అక్కడే ఉన్నాయిగా అంటుంది.

"అవ్వా, సాయంత్రం ఇటు రాకు" అన్నాడు పోనిజాన్. రోజూ అనేదే.

"నత్తలకి చెప్పు, సాయంత్రం బయటికి రావద్దని. అవి మానితే నేనూ మానతా."

"పోనీ నేను పిలిస్తే పలుకు. మూడుసార్లు పిలుస్తున్నాగా!"

"పలకను. నా పేరు నేలకింద వాళ్ళందరికీ ఎందుకు తెలియాలి? పలికితే ఏమవుతుందో మా అమ్మ చెప్పింది."

"పలక్కపోతే ఏమవుతుందో నీ చెల్లెల్ని చూశావు కదే!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. అవ్వ అతని ముఖంలోకి చూసింది. కోప్పడలేదు. "దగ్గుతానని చెప్పానా లేదా? దగ్గు ఎవరిదైనా దగ్గే. దానికి పేరుండదు" అంది. అది వాళ్ళిద్దరి మధ్య కుదిరిన ఒప్పందం. అతను మూడుసార్లు పిలుస్తాడు. ఆమె పొలంలో ఉంటే దగ్గుతుంది. లేకపోతే దగ్గదు. దగ్గు వినిపించనప్పుడు ఆమె లేదనుకోవాలో, వినలేదనుకోవాలో అతనికి తెలిసేది కాదు. పొలమంతా తిరిగి, ఆమె అడుగులు రోడ్డెక్కినట్టు చూసుకుని గాని మీట ముట్టేవాడు కాదు.

ఎండ ఎక్కాక పోనిజాన్ మళ్ళలోకి దిగాడు. వరి తొడలదాకా పెరిగి ఒత్తుగా ఉంది. మడి మధ్యలో పిలకలు ఏటవాలుగా కోసి పడి ఉన్నాయి. కోత పచ్చిగానే ఉంది. ఆ జాడ పట్టుకుని పోతే మధ్యగట్టుకు దక్షిణంగా లోపలి గట్టులో కలుగు కనిపించింది. వాకిట్లో కొత్తమట్టి, పచ్చి పిలకల తునకలు. తీగ బయటివాటిని ఆపుతోంది సరే, ఇది తీగ లోపలే కాపురం పెట్టింది. పోనిజాన్ మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించాడు. లోపల సన్నగా కీచుకీచులు. పిల్లలు.

రేపు గడ్డీ గంధకమూ తెచ్చి పొగబెట్టాలి. అతనికి తెలిసిన పని అదే, చిన్నప్పటి నుంచి చేసిన పని. పొగలో మనుషులు చావరు. కానీ రేపటికి ఈ చోటు దొరకాలి కదా, గట్టును రెండు వైపులా వరి కప్పేసింది. వెదురుకర్ర ఒకటి తెచ్చి కలుగు పక్కన దిగ్గొట్టి, భార్య తుమీరా ఎప్పుడో నీలం అతుకు కుట్టిన తన వెదురు టోపీ తీసి దానికి తగిలించాడు. వదులుగా ఉండి అది కాస్త ఊగింది. వరి పైనించి టోపీ మాత్రమే కనిపిస్తోంది. గుర్తు బాగుంది అనుకున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి తుమీరా వాకిట్లో కూర్చుని కర్రపెండలం చెక్కు తీస్తోంది. మొగుడి కంటే లావు, మొగుడి కంటే గొంతు పెద్ద. పెళ్ళి మాటలప్పుడు పోనిజాన్ భయంతో పెరటిగోడ దూకి పారిపోతే, వెతికి పట్టుకొచ్చింది ఆమే. ఈ మాట ఊళ్ళో అందరికీ ఆమే చెప్పింది.

"పాక్నే, నీ టోపీ ఏదీ?" మా వైపు ఆడవాళ్ళు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు, పిల్లల తండ్రీ అని పిలుస్తారు.

"పొలంలో పెట్టొచ్చా. కలుగు దొరికింది. గుర్తుగా."

"మాడు మాడిపోతే తెలుస్తుంది గుర్తు." తువ్వాలు విసిరింది. "ఇది చుట్టుకో."

ఉడికించిన ఆకులూ, వేరుశనగ పచ్చడీ, పులియబెట్టిన సోయాగింజల తెంపె ముక్కా పెట్టింది. అతను ముద్దలు కెలుకుతూ కూర్చున్నాడు. ఆమె చూస్తూ ఊరుకుంది, చూస్తూ ఊరుకుంది, చివరికి ఊరుకోలేకపోయింది.

"ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది ఈ ఊరి పని!"

"పేరెత్తకే!" అతను ఉలిక్కిపడి చుట్టూ చూశాడు.

"ఎత్తుతాను. ఎలుక, ఎలుక, ఎలుక! వచ్చి నా పెళ్ళిచీర కొరకమను. అది ఎప్పుడో చిరిగింది. నువ్వు తినవు, పడుకోవు, నిద్రలో జనాన్ని పేర్లు పెట్టి పిలుస్తావు. రాత్రి మూడుసార్లు నన్ను పిలిచావు తెలుసా? పక్కనే ఉన్నాను, మూడోసారికి పలికాను కూడా. నువ్వు వినలేదు. మానెయ్యి పాక్నే. పాలికిచ్చిన మడి పోతే పోనీ."

"మానేస్తే ఆ ఫోను పిల్లాడు వేస్తాడు."

"వెయ్యనీ!"

"వాడు ఎవర్నీ పిలవడే" అన్నాడు పోనిజాన్. ఆమె నీళ్ళ చెంబు అతని దగ్గరికి జరిపింది. "కోత కాగానే మానెయ్యాలి మరి" అంది. "కాగానే" అన్నాడు. ఆ మాట అన్నాక కాస్త తిన్నాడు కూడా.

మధ్యాహ్నమంతా గట్ల గండ్లు పూడ్చాడు. సాయంత్రం నమాజు పిలుపు అయ్యాక గాలి లేచింది. ఆ వేళ నుంచి అతని ఒళ్ళు మారిపోతుంది. అరచేతులు చెమర్చి పార కర్ర జారుతుంది. ఊరికే గొంతు సవరించుకుంటాడు. బాతులవాడు జుమాది తన మందను ఎండు మళ్ళలోంచి రోడ్డుకు తోలుకుపోతూ, "ఏం కొంగ మామా, ఈరోజు మమ్మల్ని ఎన్నిసార్లు పిలుస్తావు? నా బాతులు ఒక్కో పేరూ చెప్పనా?" అన్నాడు.

"నవ్వకురా. సావి అవ్వ కనిపించిందా?"

"పొద్దు తిరక్కముందే ఊళ్ళోకి పోయింది."

"సరిగ్గా చూశావా? ఆవిడేనా?"

"వంగి నడిచేవాళ్ళు ఊళ్ళో ఎంతమంది మామా? ఆవిడే. తలమీద టోపీ కూడా లేదు, చేతిలో పట్టుకుని పోతోంది."

పోనిజాన్ అది విన్నాడు గాని, వినీ నమ్మలేదు. పాక దగ్గర వేలాడే వెదురుబొంగును అందరికీ హెచ్చరికగా కర్రతో కొట్టాడు. కొట్టి, ఎర్రబడుతున్న పొలం వైపు తిరిగి, కూర కోసేవాళ్ళ పేర్లు, పరిగెలేరేవాళ్ళ పేర్లు, పక్క మళ్ళవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ మూడేసిసార్లు పిలిచాడు. పిలిచేటప్పుడు అతని గొంతు మామూలు గొంతులా ఉండదు. ఏడుపుకి దగ్గరగా ఉంటుంది. చివరికి "సావి అవ్వా!" అని పిలిచాడు. ఆగాడు. గాలి వరి మీదుగా పోయింది. రెండోసారి. మూడోసారి. దగ్గు లేదు. కాలవ గట్టు వెంబడి పోయి మట్టిలో అడుగులు చూశాడు. చిన్న పాదాలు, బొటనవేలు పక్కకు తిరిగినవి, రోడ్డు వైపు పోయి ఉన్నాయి. తన పాదం పక్కన పెట్టి మరీ చూసుకున్నాడు. సరే అనుకున్నాడు. మళ్ళీ వచ్చి మరో మూడుసార్లు పిలిచాడు.

అప్పుడు ఫ్యూజు పెట్టి, కళ్ళు మూసుకుని, మీట ఎత్తాడు. ఎర్ర బల్బు వెలిగింది.

బల్బు వెలిగాక ఊరికి తిరిగివెళ్ళే దారి కాలవ రోడ్డే. అది చుట్టూ తిరిగి పోతుంది. మధ్యగట్టు మీదుగా అయితే దగ్గరే, కాని దానికి రెండు వైపులా తీగ, అక్కడక్కడా అడ్డంగా కూడా తీగ. ఆ నియమం పోనిజాన్ పెట్టిందే. "బల్బు వెలిగితే మధ్యగట్టు లేదనుకోండి. అక్కడ మీ అమ్మ పడి ఏడుస్తున్నా సరే కాలవ రోడ్డు మీదుగానే వెళ్ళి మీట దించండి" అని అందరికీ చెప్పాడు, విన్నవాళ్ళ చేత మళ్ళీ చెప్పించుకున్నాడు. తుమీరా చేత ఎన్నిసార్లు చెప్పించాడో లెక్కలేదు.

కాలవ రోడ్డు ఊళ్ళోకి దిగేచోట మొదటి ఇల్లు కస్నోది. కస్నో వసారాలో పొలం వైపు ముఖం పెట్టి కూర్చుని ఉంటాడు. కుడిచేతికి ఎప్పుడూ తువ్వాలు చుట్టి ఉంటుంది. చేతికి దెబ్బేమీ లేదు. ఆ చేత్తో తినడు, ఆ చేత్తో ఎవరికీ ఏదీ ఇవ్వడు. కేసు ఏదో అయింది, ఏదో సర్దారు, తిరిగి ఇంటికొచ్చాడు. వచ్చినప్పటి నుంచి గడప దాటలేదు. రోజూ పోనిజాన్ వచ్చే వేళకి ఒకే మాట అడుగుతాడు. ఆ మాటకి జవాబు చెప్పి గాని పోనిజాన్ ఇంటికి పోడు.

"అందరూ వచ్చేశారా?"

"వచ్చేశారు కస్నో" అనబోయాడు పోనిజాన్ ఆరోజూ. అనేముందు ఒకసారి పొలం వైపు చూసుకోవడం అలవాటు. చూసుకున్నాడు.

ఆకాశం ఇంకా పూర్తిగా నల్లబడలేదు. వరి అంతా ఒకే ముద్దగా ఉంది. మధ్యగట్టుకు దక్షిణంగా, వరి పైన, ఒక టోపీ. వంగింది. లేచింది. కాస్త ఆగి మళ్ళీ వంగింది, నత్తను ఏరుతున్నట్టు.

భయం పట్టిన మనిషికి కన్ను పనిచేస్తుంది గాని జ్ఞాపకం పనిచెయ్యదు. పొద్దున తన చేత్తోనే ఆ కర్ర పాతాడు, తన తల మీది టోపీనే దానికి పెట్టాడు, పెళ్ళాంతో ఆ మాట చెప్పాడు కూడా. ఏదీ గుర్తు రాలేదు. ఏడాదిగా రోజూ పొద్దువాలిన వేళ ఏది చూడాల్సి వస్తుందోనని భయపడ్డాడో అదే ఇప్పుడు కనిపించింది, అంతే.

"సావి అవ్వా!" అని అరిచాడు. టోపీ వంగి లేచింది. పలుకు లేదు. "సావి అవ్వా! కదలకు! అవ్వా!" మూడోసారికీ పలుకు లేదు. ఆవిడ పలకదు. దగ్గు గాలికి వినిపించదు. కాలవ రోడ్డు చుట్టూ తిరిగి పోయేసరికి ఆవిడ ఇంకో అడుగు వేస్తుంది, కాలు తీగకు తగులుతుంది.

"ఎవరు? ఎవరున్నారు అక్కడ?" కస్నో లేచి నిలబడ్డాడు.

పోనిజాన్ మధ్యగట్టు మీదికి దూకాడు, మీట వైపు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మనిషి పరిగెత్తడం ఎవరూ చూడలేదు. సున్తీ రోజున కర్రపెండలం తోటలో దాక్కున్నప్పుడు కూడా మెల్లగా నడిచే వెళ్ళాడట. ఇప్పుడు పరిగెత్తాడు. మోకాళ్ళు లేపలేదు, చూడలేదు, మామూలు మనుషులు పరిగెత్తినట్టే పరిగెత్తాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు జారి పడిపోయింది. "మీట దించుతున్నా, అవ్వా, నిలబడు, మీట దించుతున్నా" అంటున్న మాటలు కస్నోకి చాలాదూరం వినిపించాయి. మధ్యాహ్నం తను పూడ్చిన గండి దగ్గర మట్టి ఇంకా మెత్తగానే ఉంది. అక్కడ కాలు జారింది.

అరుపేమీ లేదు. పాక మీద ఎర్ర బల్బు ఒకసారి మందగించింది. కాసేపు అలాగే ఉంది. తరవాత మళ్ళీ ఎప్పటిలా వెలిగింది.

తుమీరా ఇంటి వసారాలో సావి అవ్వ కూర్చుని వేడి కర్రపెండలం ఊదుకుంటూ తింటోంది. చిరిగిన టోపీ బాగుచేయించుకోడానికి మధ్యాహ్నమే వచ్చింది. తుమీరా, మొగుడి టోపీకి వేసినట్టే, ఎరువుల సంచి నీలం ముక్క దానికీ అతికి సూది దారం కొరుకుతోంది. "మీ వాడు ఇంకా రాలేదేంటే?" అంది అవ్వ. "వస్తాడు. ఈరోజు నిన్నే ఇంకో మూడుసార్లు పిలుస్తూ ఉంటాడు" అని నవ్వింది తుమీరా.

అప్పుడు వాకిట్లోకి కస్నో వచ్చాడు. ఏడాదిలో ఆ మనిషి గడప దాటడం అదే మొదటిసారి. చేతికి తువ్వాలు సగం ఊడి నేలకు వేలాడుతోంది. తుమీరాను చూశాడు, సావి అవ్వను చూశాడు, అవ్వనే చూస్తూ నిలబడ్డాడు.

"ఒకడు రాలేదు" అన్నాడు.

తుమీరా సూది కింద పెట్టి లేచింది.  కస్నో ఇల్లు చేరేసరికే మధ్యగట్టు మీద తువ్వాలూ, దానికి ఆవల పడి ఉన్నదీ ఆమెకు మసకగా కనిపించాయి. నిలబడి చూసింది. పాక మీద బల్బు వెలుగుతోంది. ఆమె మధ్యగట్టు ఎక్కలేదు. కాలవ రోడ్డు పట్టుకుంది. పరిగెత్తలేదు, పరిగెత్తితే పడతానని భయపడి నడిచింది, ఒక్కో కాలూ చూసి వేస్తూ, చుట్టూ తిరిగి, పోనిజాన్ నేర్పినట్టే నడిచింది.  పాక చేరి మీట దించింది. ఫ్యూజు పీకి కొంగున కట్టుకుంది. బల్బు ఆరిపోయాక పొలం వైపు తిరిగింది.

"పాక్నే!"

గాలి ఆగింది. కప్పలు కూడా అరవడం లేదు.

"పాక్నే!"

వెనకాల కాలవ రోడ్డు మీద మనుషులు చేరారు. ఎవరూ ముందుకు రాలేదు. ఆమె మూడోసారి పిలిచేదాకా ఎవరూ రారు.

"పాక్నే!" అని ఆమె మూడోసారి పిలిచింది. ఎవరూ పలకలేదు. జనం మధ్యలో సావి అవ్వ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక్కసారి దగ్గింది.

పోనిజాన్‌ను మర్నాడు పొద్దున పాతిపెట్టారు. హాజీ ముస్తారి తీగలన్నీ చుట్టలు చుట్టించి ఎత్తించేశాడు, కనీసం ఆ పంటవరకు. పొగబెట్టడానికి ఎవరూ వెళ్ళలేదు. కంకులు పాలు పోసుకున్నాయి, మడి మధ్యలోంచి మొదలుపెట్టి చిన్నదొరలు తినుకుంటూ వచ్చాయి. వరి తరిగే కొద్దీ ఆ కర్ర పూర్తిగా బయటపడింది, కింద కలుగు వాకిట్లో కొత్తమట్టి రోజూ కనిపించేది. కర్ర కొసన వెదురు టోపీ గాలి వచ్చినప్పుడల్లా వంగుతూ, లేస్తూ, పైన తుమీరా కుట్టిన నీలం అతుకు ఎండకి తెల్లబడుతూ ఉండిపోయింది.